పదకొండు తాళాల పెనం

వేమవరపులంక కొబ్బరి వర్తకుల పొదుపు సహకార సంఘంలో యాభై రెండేళ్లుగా ఒక్క దొంగతనమూ జరగలేదు. ఈ సంగతి బయటపడిన రోజు నుంచి సంఘం వారికి కంటిమీద కునుకు లేదు.

బయటపెట్టినవారు నిధి రక్షణ ప్రత్యేకాధికారి విశ్వపతిగారు. "ఇన్ని సంవత్సరములుగా దొంగతనము జరుగలేదనగా, దొంగను గుర్తించు అనుభవము ఈ సంఘమునకు శూన్యమని భావించవలసి యున్నది" అని ఆయన మొదటి సమావేశంలోనే సెలవిచ్చారు. పదకొండుమంది డైరెక్టర్లూ సిగ్గుతో తలలు దించుకున్నారు. విశ్వపతిగారు ఇంట్లో మంచినీళ్లు అడగాలన్నా "పై విషయమై తెలియజేయునదేమనగా" అని మొదలుపెడతారని జిల్లాలో చెప్పుకుంటారు. అంతటివారు చెప్పాక ఇక తిరుగేముంది.

అసలు ఆయన రావలసిన అవసరం అధ్యక్షులు సూర్యచంద్రరావుగారి విశాఖపట్నం ప్రయాణం వల్ల వచ్చింది. అక్కడ ఒక పెద్ద హోటల్లో మూడు రోజుల సదస్సు జరిగింది. పొద్దున ఉపన్యాసం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సముద్రం. నాలుగో రోజు ఆయన ఒక తోలు సంచీ, ఒక కొత్త మాట పట్టుకుని ఊళ్లో దిగారు. ఆ మాట 'వికేంద్రీకృత విత్తం'.

"బేంకు ఉండదండి. కౌంటరుండదు. సంతకం సరిపోలేదని తిప్పి పంపేవాడుండడు. ప్రపంచంలో కంప్యూటర్లన్నీ కలిసి లెక్క రాసుకుంటాయి" అని ఆయన డైరెక్టర్లకి వివరించారు.

"మరి మన డబ్బెక్కడ ఉంటాదండీ?" అని ఒక డైరెక్టరు అడిగాడు.

"ఎక్కడా ఉండదు. దాని గొప్పే అది."

ఎక్కడా లేని చోట డబ్బు పెట్టడానికి డైరెక్టర్లు ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. పద్దెనిమిది లక్షలు పక్కకి తీశారు. ఒక్కటే చిక్కు. ఆ డబ్బు ఒకచోట పడుకుంటే పెరగదు. రోజూ ఎక్కడ రాబడి బాగుందో చూసి అటూ ఇటూ మార్చడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని మేనేజరు అంటారు. మేనేజరు అనగానే, వాడు డబ్బుతో ఉడాయిస్తేనో అన్న ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్నకి జవాబుగా జిల్లా కార్యాలయం వారు విశ్వపతిగారిని పంపించారు.

మేనేజరుగా సుదర్శనాన్ని వేశారు. అతను సంఘంలోనే పదేళ్లుగా గుమాస్తా. ఎం.కాం. చదివాడు. ఆ కంప్యూటరు డబ్బు సంగతి ఊళ్లో నిజంగా అర్థమైనవాడు అతనొక్కడే. ఇక నిజాయితీ అంటారా, ఒకసారి రైల్లో టికెట్టు అడిగేవాడు రాలేదని, దిగాక స్టేషన్ మాస్టరుని వెతికి పట్టుకుని మరీ టికెట్టు చూపించి వచ్చిన మనిషి. ఆ నిజాయితీయే అతని కొంప ముంచింది.

విశ్వపతిగారి మొదటి నిబంధన ఇది: నిధి విలువకు మించిన విలువ గల సొంత వస్తువును మేనేజరు సంఘానికి తాకట్టు పెట్టాలి. మోసం చేశాడా, వస్తువు పోతుంది. సుదర్శనానికి ఉన్నది అద్దె ఇల్లు, పాత మోపెడు, రెండు బీరువాలు.

"అయినచో, పోయిన పక్షమున మీ గృహమునందు అత్యధిక అలజడి కలిగించు వస్తువేది?" అని విశ్వపతిగారు అడిగారు.

వేరెవరైనా అయితే బీరువా అనేవారు. సుదర్శనం కాసేపు ఆలోచించి ఉన్నమాట చెప్పేశాడు.

"పెనమండి."

సుదర్శనం భార్య మంగతాయారు ఇంటి ముందు వసారాలో టిఫిన్ హోటలు నడుపుతుంది. ఆవిడ పెసరట్టు కోసం లంకల్లోంచి మనుషులు రేవు దాటి వస్తారు. ఆ పెనం ఆవిడ అమ్మమ్మ నాటిది. ఒక అంచు విరిగి ఉంటుంది. పిండి వేసి, చుట్టూ నూనె చుక్క తిప్పితే, అట్టు ఎవరూ కదపకుండా తనంతట తనే లేచి వస్తుంది. ఇంటి అద్దె, కూతురి ఫీజు, సుదర్శనం జీతం చాలని నెలాఖరు రోజులు, అన్నీ ఆ పెనం మీదే నడుస్తున్నాయి.

మర్నాడు విలువ కట్టడానికి విశ్వపతిగారు స్వయంగా వచ్చారు. పరీక్షార్థం నాలుగు పెసరట్లు తిన్నారు. ఐదోది నిర్ధారణార్థం తిన్నారు. చెయ్యి కడుక్కుని ఫైలులో రాసుకున్నారు.

"ఇనుము విలువ నూట పది రూపాయలు. ప్రతిష్ఠ విలువ పంతొమ్మిది లక్షలు. వెరసి తాకట్టుకు అర్హము."

తాయారు అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పెనం పట్టుకుపోతే అట్లు దేని మీద వెయ్యనండీ? మీ ఫైలు మీదా?"

"ఆ విషయము మా పరిధిలోనికి రాదు."

"పోనీ, ఎప్పుడిత్తారు?"

"నిధి ముగిసి, నిల్వ శూన్యమై, ప్రతి పైసాకును రసీదు చూపబడిన పిమ్మట. అప్పుడే గదా మేనేజరు నిజాయితీపరుడని తేలునది."

తాయారు మొగుడి వైపు చూసింది. సుదర్శనం నేల వైపు చూశాడు. ఆ చూపుకి అతను ఆ తర్వాత పదకొండు నెలలు జవాబు చెప్పుకున్నాడు.

కొబ్బరి వర్తకులకి ఒక పద్ధతి ఉంది. నలుగురు కలిసి ఒక కొట్టులో కాయ నిల్వ చేస్తే, నలుగురూ తలో తాళం వేస్తారు. నలుగురూ వస్తేగాని కొట్టు తెరుచుకోదు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదని కాదు, నమ్మకం పోకుండా ఉండాలని. ఆ పద్ధతినే విశ్వపతిగారు నెత్తిన పెట్టుకున్నారు. సంఘం ఇనప్పెట్టెకి పదకొండు తాళాలు వేయించి పెనాన్ని అందులో పెట్టారు. కంప్యూటరు నిధికీ అదే ఏర్పాటు. మేనేజరు ఏం చేయాలన్నా పదకొండుమంది డైరెక్టర్లూ ఫోన్లలో 'ఆమోదం' నొక్కాలి. ఒక్కరు నొక్కకపోయినా రూపాయి కదలదు.

దీనికి ఒకే ఒక్క మినహాయింపు పెట్టారు. రక్షణ ఖర్చుకి మాత్రం ఎవరి ఆమోదమూ అక్కరలేదు, విశ్వపతిగారు ఒక్కరు నొక్కితే చాలు. రక్షణలో ఆలస్యం ప్రమాదం కదా. ఇది అందరికీ సబబుగానే తోచింది.

మొదటి వారంలోనే సుదర్శనానికి మంచి అవకాశం కనబడింది. ఒకచోట నుంచి డబ్బు తీసి ఇంకోచోట పెడితే రాబడి రెట్టింపు. ఉత్సాహంగా ప్రతిపాదన పంపాడు. తొమ్మిదిమంది నొక్కారు. పదో ఆయన అయ్యప్ప మాల వేసుకున్నాడు, దీక్ష పూర్తయ్యేదాకా లావాదేవీలు ముట్టనన్నాడు. పదకొండో ఆయనకి ఇంకో డైరెక్టరైన బావమరిదితో పొలం గట్టు తగాదా ఉంది, అతను నొక్కిన బొత్తాన్ని తను నొక్కనని కబురు పంపాడు. సుదర్శనం మోపెడు మీద ఇద్దరి ఇళ్లకీ ఎనిమిదిసార్లు తిరిగాడు. అందరూ నొక్కేసరికి నెలన్నర అయింది. అంతలో ఆ అవకాశం ఎటో పోయింది.

"చూచితిరా, పొరపాటున కూడా నష్టము రాలేదు" అని విశ్వపతిగారు సంతోషించారు. ఆ సంతోషంలో ఇంకో నిబంధన చేశారు. మేనేజరు ప్రతి ప్రతిపాదనా పద్నాలుగు రోజులు సంఘం నోటీసు బోర్డు మీద ఉండాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చు.

అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. బోర్డు ఎదురుగా టీ కొట్టు నడుపుకునే ఏసుబాబు మాత్రం రోజూ టీ కలుపుతూ నోటీసు చదివేవాడు. చదివి, తన ఫోన్లో తన అయిదారు వేలు అక్కడ పెట్టేవాడు. అతనికి ఎవరి ఆమోదమూ అక్కర్లేదు, పద్నాలుగు రోజులు ఆగక్కర్లేదు. మూడు నెలలు తిరిగేసరికి కొట్టులో పెద్ద ఫ్రిజ్ వెలిసింది.

"మీ బుర్రతో కొన్న ఫ్రిజ్జండి ఇది. ఒక చల్ల సీసా తీసుకోండి, డబ్బులొద్దు" అన్నాడు ఏసుబాబు సుదర్శనంతో.

సుదర్శనం తాగి డబ్బిచ్చాడు. రసీదు కూడా అడిగాడు. పాపం, అలవాటైపోయింది.

ఈ ఫ్రిజ్ వార్త విశ్వపతిగారి చెవిన పడింది. నోటీసు తీసేద్దామంటే పారదర్శకత పోతుంది. ఉంచుదామంటే రహస్యం పోతుంది. ఆయన ఒక రోజంతా ఆలోచించి, నోటీసు బోర్డుకి నల్ల తెర కట్టించారు. నోటీసు బహిరంగంగానే ఉంటుంది, ఎవరూ చూడకూడదు. తెర ఎవరూ ఎత్తకుండా ఒక కాపలాదారుని వేశారు. కాపలాదారుకి కుర్చీ, గొడుగు, టార్చిలైటు రక్షణ ఖర్చు కింద కొన్నారు. తెర పడటంతో ఏసుబాబు ఉన్న డబ్బు వెనక్కి తీసుకుని మళ్లీ టీ మీద పడ్డాడు.

ఇంట్లో తాయారు కొత్త పెనం కొంది. దాని మీద అట్టు వేస్తే ఊడి రాలేదు. గీకితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. లంకల నుంచి వచ్చినవాళ్లు మర్యాదకి రెండు వారాలు తిని, మూడో వారం నుంచి రావడం మానేశారు. ఆవిడ పెసరపిండితో పునుగులు వేసి అమ్మడం మొదలుపెట్టింది. పునుగుల మీద అద్దె వెళ్లదు.

"ఏవండీ, ఒక్కమాట చెప్పండి. మీరు దొంగతనం చేసే ఉద్దేశం ఏమైనా ఉందా?" అని ఒక సాయంత్రం అడిగింది.

"ఛ, ఛ. అదేం మాట తాయారూ."

"ఉంటే వేగిరం చేసెయ్యండి. పెనం ఎలాగూ పోయింది, డబ్బయినా మిగులుద్ది."

సుదర్శనానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. భార్య చేతులకి వేడి నూనె చిట్లి పడిన మచ్చలు చూసి ఆ పూట అన్నం సహించలేదు. ఆ పెనం ఎలాగైనా ఆవిడ పొయ్యి మీదికి చేర్చాలని మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

ఈలోగా రక్షణ మాత్రం దినదినప్రవర్ధమానమైంది. మేనేజరుని గమనించడానికి ఒక పరిశీలకుణ్ని వేశారు. పరిశీలకుడు మేనేజరుతో కుమ్మక్కయితే? అతని మీద ఇంకొక పరిశీలకుణ్ని వేశారు. ఇద్దరూ కలిసి పులి-మేక ఆడుకోవడం మొదలుపెట్టాక, ఆటలో ఎవరూ మోసం చేయకుండా మూడో అతన్ని వేశారు. తర్వాత విశ్వపతిగారికి ఇంకో సందేహం వచ్చింది.

"ధరలను చూచుట వలన మేనేజరు మనసున ఆశ జనించును. ఆశయే మోసమునకు మూలము. కావున అతడు ధరలను చూడరాదు."

సుదర్శనం కంప్యూటరు మీద దుప్పటి కప్పారు. అతని కుర్చీ గోడ వైపు తిప్పారు. అయితే నిధి పత్రాల్లో 'ప్రతిదినమూ చురుకైన నిర్వహణ' అని రాసి ఉంది. రోజుకొక నిర్ణయం పంపకపోతే మేనేజరు విధి తప్పినట్టు, తప్పితే పెనం పోయినట్టు. అందుకని సుదర్శనం రోజూ గోడ చూస్తూ "నేడు ఏమియు చేయలేదు" అని ప్రతిపాదన రాసి పంపేవాడు. ఏమీ చేయకపోవడానికి కూడా పదకొండు ఆమోదాలు కావాలి. ఒక మంగళవారం ముగ్గురు డైరెక్టర్లు దాన్ని తిరస్కరించి, ఏమీ చేయకపోవడంలో అతని ఆంతర్యమేమిటో వివరణ కోరారు. అతను ఆరు పేజీల వివరణ రాశాడు. దాన్ని కూడా తెర వెనక పద్నాలుగు రోజులు ఉంచారు.

ఎనిమిదో నెలలో డైరెక్టర్లందరూ గోవా వెళ్లారు. మోసగాడైన మేనేజరు ఎలా ఉంటాడో ప్రత్యక్షంగా చూసి తెలుసుకోవాలని, ఊళ్లో అలాంటివాడు దొరకడం లేదని తీర్మానం. వారం రోజులు సముద్రపొడ్డున వెతికారు. దొరకలేదని నివేదిక ఇచ్చారు. నివేదిక వెంట విమానం టికెట్లు, హోటలు రసీదులు, టోపీల రసీదులు అన్నీ సక్రమంగా జతచేశారు.

వాళ్లు తిరిగొచ్చిన పదిరోజులకి ప్రపంచమంతటా ఆ కంప్యూటరు డబ్బు కుప్పకూలింది. ఎక్కడెక్కడి మేనేజర్లో ఉడాయించారు. మహానగరాల్లో పెద్ద పెద్దవాళ్లు తలలు పట్టుకున్నారు. వేమవరపులంక సంఘం డబ్బు మాత్రం మొదటి రోజు పెట్టిన, ధర పెరగని తరగని చోటే ఉండటంతో ఆ దెబ్బ తగల్లేదు. సూర్యచంద్రరావుగారు మేళం పెట్టించి విశ్వపతిగారిని ట్రాక్టరు మీద ఊరేగించారు. మేళం ఖర్చు కూడా రక్షణ కిందే రాశారు. ఊరేగింపు తన హోటలు ముందు నుంచి వెళ్తుంటే తాయారు పునుగుల బాణలి దింపి లోపలికి వెళ్లిపోయింది.

పదకొండో నెలలో సర్వసభ్య సమావేశం పెట్టారు. పొద్దున్నే ఎనిమిదింటికి మొదలైంది. సుదర్శనం మూలన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. విశ్వపతిగారు లెక్క చదివారు.

"మేనేజరు అపహరించినది, లేదు. మేనేజరు అపహరింప యత్నించినది, లేదు. మేనేజరు అపహరింప తలచినది, పరిశీలకుల నివేదిక ప్రకారము, లేదు. ప్రతి పైసాకును రసీదు కలదు."

చప్పట్లు మోగిపోయాయి. వెనక వరసలో ఒక ముసలి వర్తకుడు లేచాడు.

"ఆయ్, అంతా బాగుందండి. మరి డబ్బెంత ఉందండీ?"

"ఆరువందల అరవై రూపాయలు."

ముసలాయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

"పద్దెనిమిది లక్షలు కదండీ పెట్టాం?"

"కెమెరాలు, కాపలా, పరిశీలకుల జీతభత్యములు, అధ్యయన యాత్ర, తెర, మేళము. సమస్తమును రక్షణకే వినియోగింపబడినది. దయచేసి సభ్యులు డబ్బును, డబ్బు భద్రతను కలిపి చూడరాదు. అవి వేరు వేరు శీర్షికలు."

వేరు వేరు శీర్షికలనేసరికి సభ్యులు స్థిమితపడ్డారు. దొంగతనం జరగలేదు కదా, అదే పదివేలనుకున్నారు. ముసలాయన కూడా కూర్చున్నాడు.

సుదర్శనం గోడ చూస్తూ ఒకే ఒక్క అంకె పట్టుకున్నాడు. నిల్వ శూన్యమైతేగాని పెనం రాదు. అడ్డుగా ఉన్నది ఆరువందల అరవై. అప్పటికి పది దాటింది. అధ్యక్షుల వారు ఆవులిస్తున్నారు. ఒక డైరెక్టరు కడుపు నిమురుకుంటున్నాడు. జీవితంలో మొదటిసారి సుదర్శనానికి ఒక ఎత్తు తట్టింది. కుర్చీ ఇటు తిప్పి లేచి నిలబడ్డాడు.

"అయ్యా, పై విషయమై ఒక మనవి. ఆకలితో ఉన్న డైరెక్టరు ప్రలోభానికి లొంగే అవకాశం ఎక్కువ. కాబట్టి డైరెక్టర్ల టిఫిను కూడా రక్షణ ఖర్చే అవుతుందేమో పరిశీలించండి."

విశ్వపతిగారి కళ్లు తడి అయ్యాయి. పదకొండు నెలల్లో తన భాషలో తనతో మాట్లాడినవాడు ఇతనొక్కడే.

"సముచితమైన సూచన. ఏమి టిఫిను?"

"ఉప్మా పెసరట్టు అరవై రూపాయలండి. పదకొండుమందికి సరిగ్గా ఆరువందల అరవై."

"తాయారు చేతి పెసరట్టా?" అన్నారు సూర్యచంద్రరావుగారు. ఆవులింత మధ్యలోనే ఆగిపోయింది.

"ఆవిడ చేతిదేనండి. పెనం ఇనప్పెట్టెలో ఉంది."

తర్వాత జరిగింది వేమవరపులంకలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొలతాళ్ల నుంచి, జేబుల నుంచి, జంధ్యాల నుంచి పదకొండు తాళంచెవులు బయటికొచ్చాయి. గట్టు తగాదా వాళ్లిద్దరూ ఒకే వరసలో, ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఏడాదిగా ఒక్క పనికీ నెలలోపు కలవని పదకొండుమంది, ఇనప్పెట్టె తెరవడానికి ఎనిమిది నిమిషాలు తీసుకున్నారు.

కబురందుకుని తాయారు పునుగుల కోసం రుబ్బిన పెసరపిండి, పొయ్యి, ఉప్మా గిన్నె రిక్షాలో వేయించుకుని వచ్చింది. పెనాన్ని చూసింది. నడిమధ్య తుప్పు పట్టి ఉంది. పొయ్యి వెలిగించి పెనం ఎక్కించింది. చింతపండుతో తోమి, కడిగి, ఉల్లిపాయ చెక్కతో నూనె రాసింది. అందరూ ఆకులు పట్టుకుని చుట్టూ చేరారు.

"ముందు డబ్బులు" అంది.

"అమ్మాయ్, మేం ఎక్కడికి పోతాం" అన్నారు అధ్యక్షులవారు.

"మా ఆయన మాత్రం ఎక్కడికి పోతారండీ. అయినా పెనం పట్టుకెళ్లారు."

విశ్వపతిగారు ఒక్కరే తన ఫోన్లో నొక్కారు, పదకొండు ఫోన్లు టింగుటింగుమన్నాయి. ఆరువందల అరవై తాయారు ఖాతాలో పడింది. విశ్వపతిగారు నిల్వ శూన్యమని రాసి, మేనేజరు నిజాయితీపరుడని కింద సంతకం పెట్టారు. ఆ కాగితం తన చేతికి వచ్చాక గాని ఆవిడ గరిటె పట్టుకోలేదు.

మొదటి అట్టు పెనానికి అంటుకుపోయింది. రెండోదీ అంతే. మూడోది సగం లేచింది. నాలుగో దానికి ఆవిడ నూనె చుక్క తిప్పి, చెయ్యి తీసేసి, ఊరికే చూస్తూ నిలబడింది. అట్టు అంచు కదిలింది. తనంతట తనే లేచింది. సుదర్శనానికి కళ్లనీళ్లు వచ్చాయి. పక్కనే ఉల్లిపాయలు ఉన్నాయి గాని, అతను వాటి మీదకి నెట్టలేదు.

"నాకునూ ఒకటి" అన్నారు విశ్వపతిగారు.

"అరవై."

ఆయన సొంత జేబులోంచి అరవై తీసి ఇచ్చి, చెయ్యి చాచి నిలబడ్డారు. "రసీదు?"

తాయారు ఆయన ఆకులో అట్టు వేసింది. "ఇదేనండి రసీదు."

పదిహేను రోజులకి జిల్లా కార్యాలయం నుంచి సుదర్శనం పేర ఉత్తరం వచ్చింది. అప్పటికి రేవు దాటి జనం మళ్లీ రావడం మొదలైంది. పొద్దుటి పూట రద్దీకి ముందు, పొయ్యి అప్పుడే అంటిస్తోంది తాయారు. సుదర్శనం వసారాలో నిలబడి బిగ్గరగా చదివాడు.

"పై విషయమై తెలియజేయునదేమనగా, ఒక్క పైసా అపహరణకు గురికాకుండ నిధిని సంపూర్ణముగా ముగించిన ఏకైక మేనేజరు మీరే యగుటచే, రాష్ట్రమందలి నాలుగువందల సంఘములకు మిమ్ములను నిజాయితీ శిక్షకునిగా నియమించడమైనది. జీతము రెట్టింపు. వచ్చునపుడు పెనము తప్పక వెంట తెచ్చుకొనవలెను."

తాయారు చెయ్యి చాచింది. సుదర్శనం ఉత్తరం ఇచ్చాడు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి, పొయ్యిలో కొబ్బరి మట్టల కిందకి తోసింది. మంచి మందపాటి కాగితం, చప్పున అంటుకుంది.

"ఏవండీ, ఆ పిండి గిన్నె ఇలా అందుకోండి" అంది, పెనం పొయ్యి మీద పెడుతూ.